తాడిపత్రి అరటి, నవాషేవా ఓడ, మధ్యలో ఖాళీ కంటైనర్: ఒక కేస్ స్టడీ

2020 జనవరి 30న తాడిపత్రి స్టేషన్ నుంచి ఒక రైలు బయలుదేరింది. 43 రీఫర్ కంటైనర్లు, అంటే సరుకును చల్లగా ఉంచే యంత్రమున్న కంటైనర్లు, 980 టన్నుల అరటి. గమ్యం ముంబై పక్కన నవాషేవాలో ఉన్న జవహర్‌లాల్ నెహ్రూ పోర్టు. దాదాపు 900 కిలోమీటర్ల దారి. 'హ్యాపీ బనానాస్' పేరుతో వెళ్లిన ఆ సరుకు గురించి పేపర్లలో బాగా వచ్చింది. కరువు జిల్లాగా పేరుబడ్డ అనంతపురం నుంచి ఒక రైలు నిండా పండ్లు ఎగుమతికి పోవడం నిజంగా పెద్ద విషయమే. ఇప్పటికీ దాన్ని తలచుకుంటే నాకు గర్వంగానే ఉంటుంది.

ఎగుమతి అరటి రవాణా చూసుకోవడం నా వృత్తి. ఆ రైలు తర్వాత రైతులు, అధికారులు, కొత్తగా ఈ వ్యాపారంలోకి రావాలనుకునే కుర్రవాళ్లు నన్ను ఎక్కువగా అడిగింది ఒకటే: "అంత బాగా పోయినప్పుడు సీజన్‌లో వారానికో రైలు ఎందుకు పెట్టరు?" ఆ ప్రశ్నకు వివరంగా జవాబు చెప్పాలనే ఇది రాస్తున్నాను. రోడ్లు చాలవు, కోల్డ్ స్టోరేజీలు చాలవు అని అందరూ చెప్పేదే. అది నిజమే కూడా. అయితే మా పనిలో డబ్బునూ సమయాన్నీ అన్నిటికన్నా ఎక్కువగా తిన్నది సరుకు లేకుండా వచ్చే కంటైనర్. నిండుగా పోయే దారికి పథకాలు ఉంటాయి, రాయితీలు ఉంటాయి, జెండా ఊపే కార్యక్రమాలు ఉంటాయి. ఖాళీగా వచ్చే దారి ఖర్చు ఎవరు పెట్టుకోవాలో ఏ కాగితంలోనూ కనబడదు. చివరికి అది కిలో ధరలో కోతగా రైతు మీదే పడుతుంది.

ఈ జిల్లాలో ఈ పంట

అనంతపురం దేశంలో వాన అతి తక్కువ పడే జిల్లాల్లో ఒకటి. ఒకప్పుడు వేరుశనగ తప్ప వేరే మాట లేదు. డ్రిప్, టిష్యూ కల్చర్ మొక్క, గ్రాండ్ నైన్ అనే జీ9 రకం వచ్చాక పుట్లూరు, యల్లనూరు, నార్పల, తాడిపత్రి వైపు బోరు నీళ్లున్న చోటల్లా అరటి తోటలు లేచాయి. పొడి వాతావరణం ఇక్కడ వరమైంది. కాయ మీద మచ్చలు తక్కువ, ఆకుమచ్చ తెగులు ఒత్తిడి కోస్తాతో పోలిస్తే తక్కువ. విదేశీ కొనుగోలుదారు మొదట చూసేది తొక్కనే కాబట్టి, ఇది మామూలు లాభం కాదు.

ప్రపంచంలో పండే అరటిలో నాలుగో వంతుకు పైగా మన దేశానిదే. ఎగుమతుల్లో మాత్రం మన వాటా దాదాపు ఒక్క శాతం. మన జనమే ఎక్కువగా తినేస్తారనేది అందుకు ఒక కారణం. రెండో కారణం, తోట నుంచి ఓడ దాకా ఉన్న దారి. అందరికన్నా ఎక్కువ అరటి ఎగుమతి చేసే ఈక్వడార్‌లో గ్వయాకిల్, ప్వెర్టో బొలీవర్ రేవులు తోటలకు పక్కనే ఉంటాయి. మన కాయ రేవు చూడాలంటే ఆంధ్ర, కర్ణాటక, మహారాష్ట్ర దాటాలి.

చెన్నై నాలుగు వందల కిలోమీటర్ల లోపే ఉంది కదా, అటు ఎందుకు పంపరు అని ప్రతి సమావేశంలోనూ ఒకరు అడుగుతారు. మన ప్రధాన మార్కెట్ గల్ఫ్. నవాషేవా నుంచి గల్ఫ్ రేవులకు నేరుగా వెళ్లే ఓడలు తరచూ దొరుకుతాయి, ప్రయాణం కొద్ది రోజులే. చెన్నై నుంచి అయితే శ్రీలంకను చుట్టి పోవాలి, లేదా కొలంబోలో ఓడ మారాలి. ఓడ మారిందంటే అక్కడ ఎన్నాళ్లు ఆగుతుందో మన చేతిలో ఉండదు. నేల మీద ఐదు వందల కిలోమీటర్లు మిగుల్చుకుని నీళ్ల మీద వారం పోగొట్టుకోవడం అరటికి కుదరదు. మ్యాప్ మీద దగ్గరగా కనబడే రేవు, సరుకుకు దగ్గర కాకపోవచ్చు.

కాయ గడియారం

గెల కోసిన క్షణం నుంచి లెక్క మొదలవుతుంది. ఎగుమతి కాయను పచ్చిగా, ముప్పాతిక వంతు ముదిరిన దశలో కోస్తాం. గెల నేలకు తగలకూడదు. పరుపు వేసిన ట్రాక్టర్‌లో ప్యాక్‌హౌస్‌కు తెస్తారు. అక్కడ అత్తాలుగా విడదీసి, కారే పాలు తొక్కకు అంటకుండా పటిక కలిపిన నీళ్లలో కడిగి, తూకం వేసి, 13 కిలోల బాక్సుల్లో సర్దుతారు. ఆ తర్వాత కాయ వేడి దించాలి. మొత్తం ప్రయాణంలో 13 నుంచి 14 డిగ్రీల మధ్య ఉండాలి. 13 కిందికి పోతే తొక్క బూడిద రంగుకు తిరుగుతుంది, తర్వాత సరిగ్గా పండదు. పైకి పోతే దారిలోనే పండడం మొదలెడుతుంది. పండే కాయ ఇథిలీన్ వాయువు వదులుతుంది, ఆ వాయువు పక్క బాక్సులను కూడా పండిస్తుంది. అందుకే ఆలస్యం వల్ల నష్టం గంటకింత అని సమంగా పెరగదు. ఒక హద్దు దాకా ఏమీ కాదు. ఆ హద్దు దాటితే కంటైనర్ మొత్తం పోతుంది.

రీఫర్ కంటైనర్ గురించి మా రైతుల్లోనే కాదు, కొందరు ట్రాన్స్‌పోర్ట్ వాళ్లలోనూ ఒక అపోహ ఉంది. వేడి కాయ ఎక్కించినా అదే చల్లబరుస్తుంది అనుకుంటారు. ఆ యంత్రాన్ని చేసింది చల్లగా ఎక్కించిన సరుకును చల్లగా ఉంచడానికి. ఏప్రిల్ ఎండలో కోసిన కాయను నేరుగా నింపితే మధ్య బాక్సులు ఉష్ణోగ్రతకు రావడానికి ఒక రోజు దాటిపోతుంది, అప్పటికే లోపల ఏదో మూల పండడం మొదలై ఉంటుంది. ఎక్కించే ముందే కాయ వేడి దించే ప్రీకూలింగ్ గది ఉన్న ప్యాక్‌హౌస్‌కూ లేని ప్యాక్‌హౌస్‌కూ తేడా దుబాయ్‌లో తలుపు తీసినప్పుడు తెలుస్తుంది. అందుకే జిల్లాలో కొత్తగా ప్యాక్‌హౌస్ కడతామన్న ప్రతి రైతు సంఘానికీ నేను చెప్పేది ఒకటే: గ్రేడింగ్ లైన్ చిన్నదైనా పర్వాలేదు, ప్రీకూలింగ్ గది మాత్రం పెద్దదిగా కట్టండి.

ప్యాక్‌హౌస్ ఎక్కడ కట్టాలన్నది కూడా రవాణా విషయమే. నలభై అడుగుల ట్రైలర్ పల్లె రోడ్డు మలుపు తిరగదు. ఎత్తు కంటైనర్‌కు వేలాడే కరెంటు తీగలు అడ్డం. తోట మధ్యలో కట్టిన ప్యాక్‌హౌస్‌కు ట్రైలర్ చేరక, బాక్సులను చిన్న బండ్లలో మెయిన్ రోడ్డుకు తెచ్చి ఎండలో మళ్లీ ఎక్కించిన చోట్లు నేను చూశాను. కాయను రెండుసార్లు ఎత్తి దించితే ప్రతిసారీ నలుగుతుంది, ప్రతిసారీ వేడెక్కుతుంది.

ఖాళీగా వచ్చే 900 కిలోమీటర్లు

ఇక అసలు విషయం. రీఫర్ కంటైనర్ షిప్పింగ్ లైన్ సొత్తు, అంటే ఓడలు నడిపే కంపెనీది. వాటి ఖాళీ నిల్వలు రేవు దగ్గర డిపోల్లో ఉంటాయి. మనం బుకింగ్ చేస్తే, డిపోలో యంత్రం పరీక్షించి, కడిగి, ట్రైలర్ మీద పెట్టి ఇస్తారు. ఆ ట్రైలర్ నవాషేవా నుంచి పుట్లూరు దాకా ఖాళీగా రావాలి. ఎందుకంటే చల్లగా ఉంచి తేవాల్సిన దిగుమతి సరుకు ఏదీ అనంతపురం జిల్లాకు రాదు. కాబట్టి ట్రాన్స్‌పోర్టర్ చెప్పే బాడుగ ఎప్పుడూ రానూపోనూ కలిపే ఉంటుంది. అతన్ని తప్పుపట్టలేం. డీజిల్, టోల్, డ్రైవర్ బత్తా ఖాళీ బండికీ ఉంటాయి.

దేశంలో రవాణా ఖర్చు జీడీపీలో ఎంత అని పెద్ద చర్చే నడిచింది. 13, 14 శాతం అని ఏళ్ల తరబడి చెప్పుకున్నారు. ఎన్‌సీఏఈఆర్ అనే ఆర్థిక పరిశోధన సంస్థ లెక్కగట్టి 2021-22కు 7.8 నుంచి 8.9 శాతం మధ్య అని తేల్చింది. దేశానికి ఆ అంకె పనికొస్తుంది, కాదనను. కానీ జాతీయ సగటులో ఢిల్లీ-ముంబై దారిలో రెండు వైపులా నిండుగా తిరిగే లారీ, పుట్లూరుకు ఖాళీగా వచ్చే ట్రైలర్ ఒకే కుప్పలో కలిసిపోతాయి. వెనకబడిన ప్రాంతానికి రవాణా ఎందుకు ఖరీదు అన్నదానికి జవాబు ఆ సగటులో దొరకదు. సరుకు ఒకవైపే నడిచే ప్రాంతం రెండు వైపుల బాడుగ కడుతుంది. తూర్పు ఆఫ్రికాలో ఇదే తలకిందులుగా కనిపిస్తుంది. కెన్యాలోని మొంబాసా రేవు నుంచి ఉగాండా, రువాండాలకు నిండుగా వెళ్లే కంటైనర్లలో ఎక్కువ భాగం ఖాళీగా తిరిగొస్తాయి. అక్కడ ఆ బరువు దిగుమతి వస్తువు కొనే మనిషి మీద పడుతుంది. ఇక్కడ పంట అమ్మే మనిషి మీద పడుతుంది.

ఖాళీని తగ్గించడానికి మేం పట్టుకున్న మొదటి దారి, బెంగళూరు, హైదరాబాద్‌లకు దిగుమతి సరుకుతో వచ్చిన రీఫర్లు. ఆపిల్, కివీ లాంటివి దించాక ఆ కంటైనర్ ఖాళీగా రేవుకు తిరిగి పోవాలి. అలా పోయే బదులు తాడిపత్రి వైపు మళ్లించి అరటి నింపితే, 900 కిలోమీటర్ల ఖాళీ ప్రయాణం రెండు మూడు వందల కిలోమీటర్లకు దిగుతుంది. కాగితం మీద చాలా అందమైన లెక్క. ఆచరణలో వరసగా చిక్కులు. ఆపిల్ తెచ్చిన కంటైనర్ ఒక లైన్‌ది, మన అరటి కొనేవాడు బుక్ చేసుకున్న ఓడ ఇంకో లైన్‌ది. ఒకరి డబ్బాను ఇంకొకరు వాడరు. లైన్ ఒకటే అయినా, కంటైనర్‌ను మళ్లీ నింపే ముందు డిపోలో యంత్ర పరీక్ష జరగాలి, ఆ సదుపాయం అన్ని చోట్లా ఉండదు. అంతకుముందు అందులో చేపలు వచ్చి ఉంటే వాసన పోదు, అరటికి పనికిరాదు. పైగా దిగుమతిదారు కంటైనర్‌ను ఎప్పుడు ఖాళీ చేస్తాడో అతని అమ్మకాల మీద ఆధారపడుతుంది. అతనికి ఉచితంగా ఇచ్చిన రోజులు అయిపోయేదాకా దాన్నే గోడౌన్‌లా వాడుకుంటాడు. మన గెల మాత్రం ఆగదు.

అయినా దీన్ని వదల్లేదు. ఏ లైన్ రీఫర్లు ఏ నగరానికి ఎక్కువ వస్తాయో తెలుసుకుని, విదేశీ కొనుగోలుదారుతో ధర మాట్లాడేటప్పుడే ఓడ ఎంపిక మాకు వదలమని అడగడం మొదలుపెట్టాం. ఓడ ఎవరు ఎంచుకుంటారన్నది అమ్మకం ఒప్పందంలో ఒక గీత. దాన్ని అందరూ చూడకుండా దాటేస్తారు. ఆ ఒక్క గీత మన చేతికి వచ్చాక కొన్ని లోడ్లకైనా దగ్గరి ఖాళీ డబ్బా దొరికింది.

రెండో దారి, రీఫర్‌ను యంత్రం ఆపి మామూలు డబ్బాలా వాడి, వచ్చేటప్పుడు పొడి సరుకు తేవడం. నాన్ ఆపరేటింగ్ రీఫర్ అంటారు దీన్ని. రవాణా రంగంలో కొత్తదేమీ కాదు. మన దగ్గర కొరత పొడి సరుకుకు కాదు, తగిన పొడి సరుకుకు. సిమెంటు, ఎరువు వద్దు, దుమ్మూ వాసనా మిగులుతాయి. మేకులున్న చెక్కపెట్టెలు వద్దు, లోపలి గోడ చిల్లు పడితే ఇన్సులేషన్ పాడవుతుంది. రీఫర్ నేల గాలి ఆడడానికి అల్యూమినియం పట్టీలతో చేసి ఉంటుంది, బరువైన సరుకుతో ఫోర్క్‌లిఫ్ట్ ఎక్కితే అవి వంగుతాయి. ఇవన్నీ కొట్టేసుకుంటూ పోతే మాకు మిగిలింది మా కళ్ల ముందే ఉన్న సరుకు: అరటి ప్యాకింగ్ అట్టపెట్టెలు, ఫోమ్ షీట్లు, పాలిథిన్ సంచులు. తేలిక, శుభ్రం, వాసన లేదు. పైగా కంటైనర్ ఏ ప్యాక్‌హౌస్‌కు పోతుందో పెట్టెలూ అక్కడికే కావాలి. షిప్పింగ్ లైన్‌తో రాతపూర్వకంగా అనుమతి తీసుకుని, దించాక ఊడ్చి ఫోటో పంపే పద్ధతి పెట్టుకున్నాం. వచ్చే బాడుగ మొత్తం దీంతో పూడలేదు. అయినా అది సున్నా కాదు, అందులోనూ లాభం నేరుగా రైతు ధరలోకి వచ్చింది కాబట్టి ఈ కేసులో నాకు అన్నిటికన్నా తృప్తినిచ్చిన మార్పు ఇదే.

రైలు లెక్క

ఇప్పుడు వారానికో రైలు అన్న ప్రశ్నకు వద్దాం. కంటైనర్ రేక్ అంటే మామూలుగా 45 వ్యాగన్లు, వ్యాగన్‌కు ఒక నలభై అడుగుల డబ్బా. రీఫర్లకు దారి పొడవునా కరెంటు కావాలి కాబట్టి జనరేటర్లకు చోటు వదలాలి. అంటే నలభైకి పైగా కంటైనర్లు ఒకే రోజుకు సిద్ధంగా ఉండాలి.

ఒక కంటైనర్‌కు 13 కిలోల బాక్సులు సుమారు పదిహేను వందలు పడతాయి. మొత్తం రైలుకు అరవై వేలకు పైగా బాక్సులు. ఎకరాకు 1,200 మొక్కలు, గెల సగటు 25 కిలోలు అనుకుంటే ఎకరాకు 30 టన్నులు వస్తుంది. కానీ తోట మొత్తం ఒకేసారి కోతకు రాదు, విడతలుగా వస్తుంది. ఒక విడతలో మూడో వంతు, అందులో ఎగుమతి గ్రేడ్ మూడింట రెండు వంతులు అని లెక్క వేసుకున్నా, ఒక రైలు నింపడానికి ఒకే వారంలో కోతకు వచ్చిన తోటలు నూరు ఎకరాలు దాటి కావాలి. ప్యాక్‌హౌస్ ఒక్కోటి రోజుకు ఒకటి, బాగా నడిస్తే రెండు కంటైనర్లు చేస్తుంది. పది ప్యాక్‌హౌస్‌లు కలిసినా మొదట నింపిన కంటైనర్ చివరి కంటైనర్ కోసం మూడు నాలుగు రోజులు ఆగుతుంది. ఆ మూడు నాలుగు రోజులూ అది జనరేటర్ మీదో, ప్లగ్ పాయింట్ మీదో బతకాలి. గల్ఫ్‌కు పోయే కాయకు ఆ నాలుగు రోజులు తట్టుకునే శక్తి ఉంటుంది. యూరప్ విషయం వేరు. 2023 నవంబర్‌లో మహారాష్ట్రలోని బారామతి నుంచి నెదర్లాండ్స్‌కు ఓడలో తొలి ట్రయల్ సరుకు పోయింది. అంత దూరం పోయే కాయకు ఇక్కడ నాలుగు రోజులు పోగొట్టే వెసులుబాటు లేదు.

లారీ నిండితే బయలుదేరుతుంది. రైలు అందరూ నిండితేనే బయలుదేరుతుంది. టన్నుకు రైలు బాడుగ తక్కువే, కానీ ఆ తక్కువ బాడుగను అందుకోవడానికి ఎదురు చూడడం అనే ఖర్చు పెట్టాలి. పైగా నలభై ఖాళీ రీఫర్లు ఒకేసారి తాడిపత్రి చేరాలి. లైన్‌కు అది నలభై డబ్బాలను సంపాదించే చోటి నుంచి తీసి, వారం రోజులకు పైగా ఒక్క ట్రిప్పుకు కట్టిపడేయడం. 2020 జనవరిలో ప్రభుత్వం, రైల్వే, ఎగుమతిదారులు అందరూ పూనుకున్నారు కాబట్టి అది జరిగింది. వారం వారం అలా పూనుకునే ఏర్పాటు ఒకటి లేనప్పుడు రైలు ఒక సందర్భంగా నిలుస్తుంది, సర్వీసుగా మారదు.

అదే ఏడాది సెప్టెంబర్ 9న అనంతపురం నుంచి ఢిల్లీ ఆదర్శ్ నగర్‌కు కిసాన్ రైల్ మొదలైంది. అది పార్శిల్ వ్యాన్ల రైలు, దేశీయ మార్కెట్‌కు. ఒక రైతు నాలుగు టన్నులు వేసినా తీసుకుంది, బాడుగలో 50 శాతం రాయితీ ఇచ్చింది. చిన్న రైతుకు అది బాగా పనికొచ్చిన ఆలోచన. అయితే రాయితీ బాడుగ మీద ఇచ్చారు, తిరిగొచ్చే ఖాళీ మీద ఎవరూ పని చేయలేదు. ఢిల్లీ నుంచి అనంతపురానికి ఏం తేవాలో వెతికే బాధ్యత ఒక మనిషికి అప్పగించి ఉంటే, రాయితీ మీద అంతగా ఆధారపడాల్సి వచ్చేది కాదని నా గట్టి నమ్మకం.

నిలబడని మాట, ఒకవైపే పడే జరిమానా

ఖాళీ గురించి మాట్లాడేటప్పుడు ఇంకో ఖాళీని వదిలేయలేం. కంటైనర్ సమయానికి వస్తుంది, కాయ రాదు. అరటి ధర రోజుకోలా ఉంటుంది. ఉత్తరాది మార్కెట్‌లో ధర లేచిన వారం, స్థానిక వ్యాపారి తోట దగ్గరికే లారీ తెచ్చి, గ్రేడ్ చూడకుండా గెలకు గెల కోసుకుని డబ్బు చేతిలో పెడతాడు. ఎగుమతిదారుకు ఇస్తామన్న కాయ అటు పోతుంది. ఇక్కడ రీఫర్ సగం నిండి నిలబడుతుంది. ఎగుమతిదారులు దీన్ని రైతు మాట తప్పడం అంటారు. నేను అలా అనను. పుట్లూరు వైపు ఒక రైతు ఒకసారి నాతో అన్న మాట ఇది: "కాయ ఇయ్యలేదంటే మీరు నన్ను అడుగుతారు. మీ కంటైనర్ రాకపోతే నా కాయ చెట్టు మీదే ముదురుతాది. అప్పుడు నేను ఎవర్ని అడగాలన్నా?"

ఒప్పందాలు తీసి చూస్తే ఆయన చెప్పింది అక్షరాలా నిజం. కాయ ఆలస్యమైతే రైతుకు ధరలో కోత ఉంది, కంటైనర్ ఆలస్యమైతే రైతుకు ఏమీ లేదు. ముదిరిన గెల ఎగుమతికి పనికిరాదు, లోకల్‌లో తక్కువకు పోతుంది. అందుకని చెప్పిన తేదీకి కంటైనర్ రాకుంటే గెలకు ఇంత అని రైతుకు కట్టే నిబంధన ఒప్పందంలోకి తేవాలని పట్టుబట్టాం. ఎగుమతిదారుల నుంచి వ్యతిరేకత వచ్చింది, మా చేతిలో లేని ఆలస్యానికి మేమెందుకు కట్టాలి అన్నారు. రైతు చేతిలో అంతకన్నా లేదు కదా అన్నదే మా జవాబు. చివరికి కొందరు ఒప్పుకున్నారు. వాళ్లతో పాటే ధరను వారానికి ఒకసారి, లోకల్ ధరకు ముడిపెట్టి నిర్ణయించడం, కోసిన కొద్ది రోజుల్లోనే డబ్బు ఖాతాలో వేయడం మొదలైంది. ఆ తోటల నుంచి కాయ పక్కకు పోవడం బాగా తగ్గింది. నమ్మకం పెంచాలని ఉపన్యాసాలు ఇచ్చినప్పుడు రాని మార్పు ఇది.

కాయ ఎప్పుడు ఎంత వస్తుందో ముందుగా తెలుసుకోవడానికి మేం వాడేది రిబ్బన్లు. పువ్వు వేసిన వారాన్ని బట్టి గెలకు ఒక రంగు రిబ్బన్ కడతారు. ఆ వారం నీలం అయితే, వచ్చే వారం ఎరుపు. పువ్వు నుంచి కోతకు సుమారు 11 నుంచి 13 వారాలు, చలికాలంలో కొంచెం ఎక్కువ. కాబట్టి తోటలో నీలం రిబ్బన్లు లెక్కపెడితే, మూడు నెలల తర్వాత ఏ వారం ఎన్ని కంటైనర్లు కావాలో దాదాపుగా తెలుస్తుంది. ఇది కాయ నాణ్యత కోసం పుట్టిన పద్ధతి. దాన్ని రవాణా ప్లాన్‌గా మార్చాలంటే తోటల్లో రిబ్బన్ లెక్కలు ఒకచోటికి చేరాలి. దానికి యాప్‌లు చాలా వచ్చాయి. మాకు పనిచేసింది మాత్రం ప్రతి ఊళ్లో ఒక చదువుకున్న కుర్రవాడికి నెలకు ఇంత అని ఇచ్చి, వారానికోసారి తోటలు తిరిగి వాట్సాప్‌లో రాసి పంపమనడం. ఇంత పెద్ద రవాణా అతని లెక్క మీద నిలబడుతుంది, అతనికి ఇచ్చే డబ్బు ఏ పథకంలోనూ ఉండదు. ఆ జీతాన్ని సంఘాలే వేసుకోవాల్సి వస్తోంది, ఇది మారాలి.

దారిలో డీజిల్

కొన్ని కంటైనర్లలో పెట్టిన, ఉష్ణోగ్రతను నమోదు చేసే డేటా లాగర్లు తీసి చూస్తే, రాత్రి కొన్ని గంటలు ఉష్ణోగ్రత పైకి లేచి మళ్లీ దిగినట్టు గీతలు కనబడ్డాయి. అంటే జనరేటర్ ఆగింది. అందరి వేలూ డ్రైవర్ వైపు. డీజిల్ అమ్ముకున్నాడని ఒకరు, మిగుల్చుకున్నాడని ఒకరు. డ్రైవర్లతో కూర్చుని మాట్లాడితే వచ్చిన సంగతి వేరు. జనరేటర్ గంటకు రెండు మూడు లీటర్లు తాగుతుంది. బాడుగ మాట్లాడేటప్పుడు బండి డీజిల్, జనరేటర్ డీజిల్ కలిపి ఒకే మొత్తం ఇస్తారు, అదీ మామూలు ప్రయాణ గంటలకు. రేవు గేటు బయట క్యూ పడితే ఆ గంటల లెక్క ఎక్కడా లేదు. "సార్, నడిచే బండికి లెక్క ఉంది. నిలబడ్డ బండికి డీజిల్ ఎవరు పోస్తారు?" అన్నాడు ఒక డ్రైవర్. గేటు దగ్గర ఎంతసేపు ఆగాలో తెలియక దారిలో ఆపి మిగుల్చుకుంటున్నారు.

జనరేటర్ డీజిల్‌ను బాడుగ నుంచి వేరు చేశాం. నడిచిన గంటల మీటర్ చూసి చెల్లింపు. క్యూలో నిలబడ్డ గంటలకూ అదే పద్ధతి. లాగర్ గీత సాఫీగా ఉంటే డ్రైవర్‌కు అదనంగా కొంత, నేరుగా అతని ఫోన్‌కు. గీతల్లో ఆ రాత్రి గుట్టలు చాలావరకు పోయాయి. డ్రైవర్ మీద నిఘా పెంచడానికి అనుకున్న డబ్బులో కొంతతోనే ఇది అయిపోయింది.

ఇప్పుడు కావలసింది

2022 సెప్టెంబర్ 17న జాతీయ లాజిస్టిక్స్ విధానం వచ్చింది. పెద్ద పార్కులు, ఒకే డిజిటల్ వేదిక, ఇవన్నీ మంచివే. మా వైపు మాత్రం నేను కోరేది చాలా చిన్నది: జిల్లాలోనే ఒక ఖాళీ రీఫర్ డిపో. అక్కడ రెండు మూడు లైన్ల డబ్బాలు కొన్ని ఎప్పుడూ నిల్వ ఉండాలి, యంత్రం పరీక్షించే మెకానిక్ ఉండాలి, కడిగే చోటు ఉండాలి, నింపిన కంటైనర్లు ఆగడానికి ప్లగ్ పాయింట్లు ఉండాలి. బెంగళూరు, హైదరాబాద్‌లో ఖాళీ అయిన డబ్బాలు నేరుగా అక్కడికి చేరి సీజన్ కోసం ఎదురు చూడవచ్చు. మన గెల ఎవరి గోడౌన్ ఖాళీ కోసమో ఆగక్కర్లేదు. రైలు పెట్టాలన్నా డబ్బాలు అప్పటికే ఇక్కడ ఉంటాయి, ప్లగ్ మీద రెండు రోజులు ఆగగలవు.

దీనికి అడ్డం గ్యారంటీ. సీజన్‌లో ఇన్ని లోడ్లు ఇస్తామని హామీ ఇవ్వండి, తక్కువ పడితే డబ్బు కట్టండి అంటాయి లైన్లు. అడగడంలో న్యాయం ఉంది. రైతు సంఘానికి బ్యాంక్ గ్యారంటీ ఇచ్చే శక్తి లేదు. ఎగుమతిదారులు ఒకరికొకరు పోటీ, కలిసి సంతకం పెట్టరు. మా ప్రతిపాదన ఇది: రిబ్బన్ లెక్క ప్రకారం వచ్చే అంచనాలో కొంత భాగానికి ఎగుమతిదారులు కంటైనర్‌కు ఇంత చొప్పున డిపాజిట్ వేయాలి, అంచనా తప్పి డబ్బాలు మిగిలితే ఆ నష్టంలో ఒక వంతు ప్రభుత్వం భరించాలి. బాడుగ మీద ఇచ్చే రాయితీలో చిన్న ముక్క చాలు దీనికి. నిండు కంటైనర్‌కు ఇచ్చే రాయితీ ప్రతి ట్రిప్పుకూ ఖర్చవుతుంది. ఈ డబ్బు మాత్రం అంచనా తప్పినప్పుడే కదులుతుంది.

డిపో ఎక్కడ అన్నదాని మీద మాలో మాకే ఏకాభిప్రాయం లేదు. తోటలు తాడిపత్రి, పుట్లూరు చుట్టూ ఉన్నాయి కాబట్టి ఎక్కువమంది తాడిపత్రి అంటారు. నేను గుత్తి అంటాను. హైదరాబాద్-బెంగళూరు జాతీయ రహదారి అక్కడి నుంచే పోతుంది, రైల్వే జంక్షన్ కూడా. రెండు నగరాల నుంచి వచ్చే ఖాళీ డబ్బా దారి తప్పకుండా అక్కడ దిగుతుంది, తోటలకు మిగిలే దూరం ఒక పూటలో తిరిగి రాగలిగేది. తాడిపత్రిలో స్థలం ఇప్పిస్తామన్నవాళ్లు ఉన్నారు, గుత్తిలో ఇంకా ఎవరూ ముందుకు రాలేదు. ఈ నీలం రిబ్బన్లు కోతకు వచ్చేలోపు గుత్తి వైపు మూడు నాలుగు ఎకరాలు, హైటెన్షన్ లైన్‌కు దగ్గరగా, ట్రైలర్ తిరిగే వెడల్పు రోడ్డుతో చూపించగలిగేవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లతో మాట్లాడడానికి మేం సిద్ధంగా ఉన్నాం.